ఎవురూ ముట్టుకోలేదు

నేను చదివింది మా అల్లిమిట్ట బళ్లో అయిదో తరగతి దాకా. ఆ చదువుతోనే మండలాఫీసుకూ చిత్తూరు కలెక్టరాఫీసుకూ నా చేతిరాతతో అర్జీలు రాసినాను. ఒక్కదాన్నీ ఇంకొకరి చేత దిద్దించుకోలేదు. కార్వేటినగరం రోడ్డు నుంచి మా ఊరిదాకా తారు పడిందంటే నా అర్జీ వల్లనే. మా మిట్ట మీద తోతాపురి అంటుమొక్క మొదట నాటింది నేను. ఈ పొద్దు మా ఊరి కాయ లారీలకు ఎక్కి చిత్తూరు మండీకి పోతా ఉండాదంటే ఆ మొక్కల చలవే. పాల సంఘానికి మూడు తూర్లు పోటీ లేకుండా ప్రెసిడెంటుగా ఉన్నాను. పాలు చల్లబెట్టే సెంటరును ముందర పక్కూరికి రాసిపెట్టినారు. దాన్ని మా ఊరికి తిప్పింది ఎవరని అడిగితే పసిపిల్లోడు గూడా దొరస్వామి పేరే చెప్తాడు.

ఇవన్నీ చేసినోణ్ణి, ఒక మనిషి మాట మాత్రం నిలబెట్టలేకపోయినాను. ఆ మనిషి అబ్దుల్ సత్తార్. మా సెంటరు మిషన్లు చూసే మెకానిక్కు. చిత్తూరులో ఇల్లు. ఇప్పుడు ఎప్పుడు పోయినా కుడిచేతి మీద తువ్వాలు కప్పుకొని ఇంటిముందర అరుగు మీద కూర్చోని ఉంటాడు. ఆయన గురించి కంపెనీ కాగితంలో ఒకే ఒక లైను రాసినారు. ఆ లైను అబద్ధం. అందుకని నేను రాస్తా ఉండాను.

సత్తారు నాయన కళాయి సాయిబు. నాకు పెండ్లయిన కొత్తల్లో తిత్తీ బొగ్గులూ మూట గట్టుకొని మా ఊరికి వచ్చి, ఇత్తడి గిన్నెలకు కళాయి పూసి పోయేవాడు. గిన్నె చేతికిస్తే వెంటనే నిప్పుల మీద పెట్టేరకం కాదు. అటూ ఇటూ తిప్పి చూసి, "దీంట్లో ఏం వండినారమ్మా? పులుసు నిలవ పెట్టినారా? అడుగంటిందా?" అని అడిగేవాడు. అత్త పక్కన నిలబడి ఉంటే కోడలు నోరు తెరుస్తాదా? "ఏం లేదు, దానంతటదే పోయింది" అనేది. అప్పుడాయన అత్త పక్కకు తిరిగి, "పెద్దమ్మా, గొంతు ఎండిపోతా ఉండాది, రవంత మజ్జిగ ఇస్తారా" అనేవాడు. అత్త లోపలికి పోయి వచ్చేలోగా కోడలు గబగబా అంతా చెప్పేసేది. నా పెండ్లాం ఆనందమ్మ కూడా అట్లనే చెప్పిందంట, సంగటి మాడితే గిన్నెను రాయి పెట్టి గీకినానని. మా అమ్మ పోయినాక ఎన్నో ఏండ్లకు ఆ సంగతి నాకు చెప్పి నవ్వింది. ఆయన మాత్రం ఎవరికీ చెప్పలేదు. గిన్నె ఏ ఇంటిదో ఆ ఇంటి గుట్టు ఆ గిన్నెలోనే పెట్టి, మీద కళాయి పూసి ఇచ్చేవాడు.

ఆ పక్కన కూర్చోని తిత్తి ఊదిన కొడుకే సత్తారు. స్టీలు గిన్నెలు వచ్చినాక కళాయి పని పడిపోయింది. సత్తారు చిత్తూరులో ఫ్రిజ్జుల షాపులో పని నేర్చుకొని, ఐసు ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేసి, మా పాల కంపెనీకి మెకానిక్కుగా వచ్చినాడు. చిత్తూరు నుంచి కార్వేటినగరం దాకా ఉన్న సెంటర్లన్నీ ఆయన చూడాల. ఒక మోపెడ్డు, దానికి తగిలించిన ఖాకీ సంచి, నెత్తిన ఎండకు కట్టిన తువ్వాలు. మనిషి సన్నం, మాట నిదానం.

మొదటి తూరి మా సెంటరుకు వచ్చినప్పుడు పాలు కలిపే మోటారు ఆగిపోయి ఉండాది. ప్రెసిడెంటును గదా, ఎదురుపోయి, "ఏం సత్తారూ, మీ నాయన నాకు బాగా తెలుసు. బిరీన చూడు, క్యాన్లు వరసలో ఉండాయి" అన్నాను.

ఆయన మిషను తట్టు చూడనే లేదు. క్యాను మీద కూర్చోని, "పెద్దాయనా, ఈడ టీ యాడ దొరుకుతాది?" అన్నాడు.

"ఎవురినైనా పంపిస్తాలే."

"కాదు, మీరు పోయి చెప్తేనే అంగడాయన చక్కెర సరిగ్గా వేస్తాడంట."

నాకు రోషం వచ్చింది. అయినా పోయినాను. టీ తీసుకొని వచ్చేటప్పటికి మోటారు తిరగతా ఉండాది. మిషను తోలే వెంకటముని నా మొగం చూడకుండా క్యాన్లు సర్దుకుంటా ఉన్నాడు. ఏం జరిగిందని అడిగితే, "ఏం లేదు పెద్దాయనా, నిదరపోయింది, లేపినాం" అన్నాడు సత్తారు. టీ తాగేటప్పుడు నాకు ఆయన నాయన అడిగే మజ్జిగ గుర్తొచ్చింది. "ఓరి నీ, నన్ను అత్తను చేసినావు గదా" అంటే ఆయన టీ పొలమారేదాకా నవ్వినాడు.

అప్పటి నుంచి ఆయన బండి చప్పుడు వింటే నేనే టీకి లేచేవాణ్ణి.

ఒక సంగతి ఈడ చెప్పాల. రేణిగుంట కంపెనీ షెడ్డు నుంచి వచ్చే కొత్త మెకానిక్కు పిల్లోళ్లు మిషను చదువులో సత్తారు కంటే పైనే. ల్యాప్‌టాపు తెరిచి, మీటర్లు పెట్టి ఒక గంటలో కనుక్కునేది సత్తారు కనుక్కోలేడు. ఆ మాట ఆయనే ఒప్పుకునేవాడు. అయితే ఆ పిల్లోళ్లు గడప కాడ నిలబడి, "ఎవరైనా ముట్టుకున్నారా?" అని అడుగుతారు. మా వాళ్లు, "ఎవురూ ముట్టుకోలేదు" అంటారు. ఈ మాట మా తట్టు ఊరూరా ఒకటే. సైకిలు పోయినా, మోటారు కాలినా, బళ్లో పలక పగిలినా ఇదే మాట. అది అబద్ధమని చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. ఆ పిల్లోళ్లు మాత్రం దాన్ని నిజమని నమ్మి, మిషనంతా విప్పదీసి, బాగున్న సామాను మార్చి పోతారు. మళ్లీ ఆగుతాది. మళ్లీ వస్తారు.

ఇది గమనించినోడు ప్రతాప్. కంపెనీలో మెకానిక్కుల మీద ఆఫీసరు, తిరపతి పిల్లోడు, మంచివాడే. సత్తారు పోయిన సెంటర్లలో ఒకే రోగం రెండోతూరి ఎందుకు రావడంలేదని లెక్క చూసి, ఆయన్ని రేణిగుంటలో మెకానిక్కులందరి ముందర నిలబెట్టి మాట్లాడమన్నాడు. నన్ను గూడా పిలిచినారు, సంఘం పెద్ద అని కండువా కప్పినారు. సత్తారు ఆ పొద్దు చెప్పిన మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉండాది.

"మీ దగ్గర మీటర్లుండాయి. కరెంటు ఎంతొస్తా ఉండాదో మీటరు చెప్తాది. నిన్న ట్యాంకు కడిగిన అమ్మి నీళ్లు యాడ పోసిందో చెప్పదు. అది ఆ అమ్మి చెప్పాల. చెప్తే తన పని పోదని ఆ అమ్మికి ముందుగా తెలిసుండాల. అంతే సార్, నా దగ్గర ఇంకేం విద్య లేదు."

ప్రతాప్ లేచి, "ఇకమీద ఏ సెంటరులోనైనా జరిగింది చెప్పినవాళ్ల మీద చర్య ఉండదు" అన్నాడు. చప్పట్లు కొట్టినారు. నేను ఊరికి వచ్చి ఆ మాటను సెంటరు గోడ మీద నీలం రంగుతో రాయించినాను. అక్షరాలు గీసిచ్చింది నేనే. "ఏం జరిగిందో చెప్పినవారి మీద చర్య ఉండదు." చుట్టుపక్కల సెంటర్లోళ్లు వచ్చి చూసి, అదే కొలతలో వాళ్ల గోడల మీద రాసుకున్నారు. రెండేండ్లు ఆ మాట నడిచింది. మా సెంటరులో పాలు పోయిన రోజు లేదు.

సెంటరులో ట్యాంకులు కడిగేదీ పాలు పరీక్ష చేసేదీ లోకేశ్వరి. నోటికి తాళం లేని మనిషి. మొగుడు ఇటుకబట్టీలకు పోయి ఏడాదిలో సగం రోజులు ఊర్లో ఉండడు. ఇద్దరు బిడ్డలు, ఒక అత్త, అందరి తిండీ ఆ పని మీదనే. నన్ను మామా అంటాది, సత్తారును అన్నా అంటాది. "మా అన్న వచ్చినాడు, మామ టీకి పోవాల" అని అందరి ముందరా ఎగతాళి చేసేది.

పోయినేడు ఆయుధపూజ చానా బాగా చేసినాం. మిషన్లకు పసుపూ కుంకమా పెట్టి, నిమ్మకాయలు కట్టి, గుమ్మడికాయ కొట్టినాం. సత్తారు వస్తే ఆయన సంచికి గూడా బొట్టు పెట్టి, బొరుగులూ శెనగలూ పొట్లం కట్టి ఇచ్చినాం. ప్రతి ఏడూ ఇచ్చేదే. మర్నాటి నుంచి మిషను ఆగకుండా తిరగబట్టింది. పాలు చల్లబడినాక దానంతటది ఆగాల. ఆగడంలేదు. ట్యాంకు గోడకు పాలు గడ్డకట్టబట్టినాయి. సత్తారు అప్పుడు ఇంకో తట్టు సెంటర్లకు పోయి ఉండాడు. రేణిగుంట పిల్లోళ్లు వచ్చినారు. గడపకాడ నిలబడి అడిగినారు. ఎవురూ ముట్టుకోలేదన్నారు. డయలు మార్చినారు. గ్యాసు చూసినారు. మళ్లీ వచ్చి ఇంకేదో మార్చినారు. ఆ మధ్యలో ఒక ట్యాంకరు పాలు గడ్డలు గడ్డలుగా పోయి కంపెనీ కాడ పారబోసినారు.

సత్తారు వచ్చినాడు. వస్తానే, "పెద్దాయనా" అన్నాడు.

"తెలుసులే. పోతా ఉండా."

"ఈతూరి రస్కులు గూడా."

"నువ్వేం పోవద్దులే మామా" అనింది లోకేశ్వరి. "గోడ మీద అంత పెద్దగా రాయించి ఇంకా నీ చాటున చెప్పేదేముండాది."

సత్తారు క్యాను మీద కూర్చున్నాడు. "చెల్లీ, మిషను సంగతి వద్దు. పండగనాడు లేచినప్పటి నుంచి ఏమేం చేసినావో చెప్పు."

"లేస్తానే మొగం కడిగినా."

"ఆ తర్వాత?"

"పండ్లు తోమినావా అని అడగవా?"

"తోమకుండా ఉంటే వాసనకే మిషను ఆగిపోయేది. అది ఆగడంలేదు గదా. కాబట్టి తోమినావు. ఆ తర్వాత?"

లోకేశ్వరి నవ్వుకుంటా చెప్పుకుంటా పోయింది. ఇల్లు అలికినానని, దేవుని గూటిలో ఇత్తడి సామానంతా చింతపండు పెట్టి తోమినానని, మిగిలిన చింతపండు సెంటరుకు తెచ్చినానని. "ఈడ గూడా తోమినా. గంట తోమినా, దీపం కుందె తోమినా, మిషనులోది గూడా తోమినా."

"మిషనులో ఏది?"

"ఆ ట్యాంకు కింద గొట్టంలో ఉంటాదే, ఇత్తడి ముక్క. నల్లగా అయిపోయింటే పీకి, తోమి, బొట్టు పెట్టి మళ్లీ దూర్చినా. బంగారం మాదిరి మెరిసింది."

ఆ ఇత్తడి ముక్కే సెన్సరు, పాలు ఎంత చల్లబడినాయో మిషనుకు చెప్పేది. దాన్ని దూర్చే గొట్టం పక్కనే అట్లాంటిదే ఇంకో గొట్టం ఉండాది, పాలకు తగలనిది, దేనికీ వాడనిది. లోకేశ్వరి దాంట్లో దూర్చింది. అది బయటి వేడిని చూసి, పాలు ఇంకా వేడిగా ఉండాయని మిషనుకు చెప్తా ఉండాది. రేణిగుంట పిల్లోళ్లు వంగి చూసినప్పుడు ముక్క గొట్టంలో కూర్చోని మెరస్తానే కనిపించింది. వాళ్ల తప్పు గాదు. లోకేశ్వరి అబద్ధం చెప్పలేదు. పూజ చేసేది ముట్టుకునే లెక్కలోకి వస్తాదని ఎవరనుకుంటారు?

సత్తారు దాన్ని ఒక గొట్టంలోంచి పీకి ఇంకో గొట్టంలో పెట్టినాడు. కుంకమ చెరపలేదు. రవంత సేపటికి మిషను ఆగింది. "బాగుంది పో, దేవుడు చల్లగా చూడమంటే మరీ ఐసు చేసినాడు" అనింది లోకేశ్వరి. అందరం నవ్వినాం. ఆ సెంటరులో అట్ల నవ్వింది అదే కడపటి తూరి.

కొన్నాళ్లకు ప్రతాప్ వచ్చినాడు. కూడా ఇంకో ఇద్దరు పెద్ద ఆఫీసర్లు, మాకు తెలియనోళ్లు. పారబోసిన పాల సంగతి అడిగినారు. "సెన్సరు పక్క గొట్టంలో పడింది సార్, సరిచేసినాను" అన్నాడు సత్తారు.

"దానంతటదే పడిందా?"

సత్తారు నేల చూస్తా నిలబడినాడు. లోకేశ్వరి చీపురు పక్కన పెట్టి ముందరికి వచ్చింది. "నేనే సార్. చింతపండు పెట్టి తోమినా. రాసుండారు గదా ఆడ" అని గోడ చూపించి నవ్వింది. ప్రతాప్ నవ్వలేదు. సత్తారు ఆ పిల్ల తట్టు ఎట్ల చూసినాడంటే, లారీ కిందికి ఉరికే మనిషిని చూసినట్ల చూసినాడు.

మర్నాడు వెంకటముని ఫోనుకు మెసేజి వచ్చింది, లోకేశ్వరిని పనిలోకి రానీయొద్దని.

నేనూ సత్తారూ తిరపతికి పోయినాం. ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి నీళ్లిచ్చినారు. సంఘం నేను పెట్టింది, సెంటరు నేను తెచ్చింది, గోడ మీద రాత నేను రాయించింది, అన్నీ చెప్పినాను. ప్రతాప్ తల వంచుకొని విన్నాడు.

"పెద్దాయనా, పైనుంచి ఎవరు కారణమని పేరు అడుగుతున్నారు. ట్యాంకరు పాలు పారబోసినారు. మీ రాత గోడ మీదుంది. ఆర్డరులో లేదు."

"సార్, మీరు చెప్పమంటేనే గదా ఆ మాట నేను ఊరూరా చెప్పింది" అన్నాడు సత్తారు.

"చెప్పినాను భాయ్. ఆ రోజు నిజంగానే చెప్పినాను."

"ఆ అమ్మి పేరు నేను చెప్పలేదు. మాట నమ్మి తానే చెప్పింది. నా పేరు రాసుకోండి. సెన్సరు నేనే తప్పుగా పెట్టినానని రాసుకోండి."

"నీ పేరు కూడా అడిగినారు. ఆలస్యంగా వచ్చినావని. ఊరుకో."

నేను అర్జీ రాసినాను. నా జీవితంలో అంత బాగా ఇంకో అర్జీ రాయలేదు. దానికి జవాబు రాలేదు. ఊరికి రోడ్డు తెచ్చిన చెయ్యి ఒక చీపురు పని నిలబెట్టలేకపోయింది.

తిరిగి వస్తానే సత్తారు లోకేశ్వరి ఇంటికి పోదామన్నాడు. ఆమె అప్పటికే తిరపతిలో ఒక హోటలులో గిన్నెలు కడిగే పనికి కుదురుకొని ఉండాది. తొలి బస్సుకు పోయి చీకటిపడి వస్తాది. మేం పోయేటప్పటికి అప్పుడే వచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటా ఉండాది. సత్తారు ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ మీద కోపం లేదన్నా. అడిగినావు, చెప్పినా. ఇంక మా వాకిటికి మాత్రం రావద్దు. నిన్ను చూస్తే నవ్వుకుంటా చెప్పింది గుర్తొస్తాది."

ఈ సంగతి మా ఊర్లో ఆగలేదు. పాలబండ్లు ఎన్ని ఊర్లు తిరుగుతాయో అన్ని ఊర్లకూ పోయింది. ఆ తర్వాత సత్తారు ఏ సెంటరులో క్యాను మీద కూర్చున్నా, ప్రెసిడెంట్లు టీకి పోయినా, పనోళ్లు గోడ తట్టు చూసి, "ఏం లేదన్నా. ఎవురూ ముట్టుకోలేదు" అనేవాళ్లు. మర్యాదగానే చెప్పేవాళ్లు. టీ పోసిచ్చేవాళ్లు. గంటలో అయ్యే పనికి రెండ్రోజులు పట్టేది. నెమ్మదిగా పని చేస్తా ఉండావని ఆఫీసులో తిట్లు. మాట నిదానం మనిషి మాటే లేకుండా పోయినాడు. నన్ను టీకి పంపించడం గూడా మానేసినాడు. నేనే తెచ్చి ఇస్తే, "మీకెందుకు పెద్దాయనా ఈ తిప్పలు" అనేవాడు.

ఒక పొద్దు పోయి చూస్తే సున్నం బకెట్టు పెట్టుకొని గోడ మీద రాతను తుడిపేస్తా ఉండాడు.

"అవి నా అక్షరాలు సత్తారూ."

"అందుకే పెద్దాయనా, చెరగడంలేదు. రెండో కోటు వేస్తా ఉండా" అన్నాడు, చెయ్యి ఆపకుండా.

మామిడికాయ దిగే రోజులొచ్చినాయి. ఒక పొద్దున మిషను బెల్టు కీచుమంటా ఉండాదని సత్తారును పిలిచినారు. బెల్టూ ఫ్యానూ జాలీ తలుపు వెనకాల ఉంటాయి. ఆ తలుపు తెరిస్తే కరెంటు ఆగిపోయేట్ల ఒక చిన్న స్విచ్చి ఉండాది, ఎవురి చెయ్యీ పోకుండా. అంతకు ముందు వారం వెంకటముని పాలక్యాను ఎత్తేటప్పుడు ఆ తలుపుకు కొట్టుకొని స్విచ్చి వదులైంది. మిషను మాటిమాటికీ దానంతటదే ఆగతా ఉండేదంట. పాలు పోతే పేరు అడుగుతారు. స్విచ్చి చెడిందంటే ఎట్ల చెడిందని అడుగుతారు. వెంకటముని ఒక వైరు ముక్క తెచ్చి స్విచ్చికి అడ్డంగా కట్టినాడు. తలుపు తెరిచినా మూసినా మిషనుకు ఒకటే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆ పొద్దు నేను ఆడనే ఉన్నాను. మిషను ఆగి ఉండాది, పాలు చల్లగా ఉంటే ఆగేది మామూలే. సత్తారు అలవాటు కొద్దీ అడిగినాడు. క్యాను మీద కూర్చోలేదు, నిలబడే అడిగినాడు.

"ఏమప్పా వెంకటమునీ, ఏమన్నా జరిగిందా దీనికి?"

"ఏం లేదన్నా."

"తలుపుకాడ ఎవురన్నా పని చేసినారా?"

వెంకటముని నా తట్టు చూసినాడు, గోడ తట్టు చూసినాడు. గోడ తెల్లగా ఉండాది. "ఎవురూ ముట్టుకోలేదన్నా" అన్నాడు.

మెయిను ఎందుకు తీయలేదని తర్వాత అందరూ అడిగినారు. రెండు ట్యాంకులకూ మెయిను ఒకటే. రెండోదాంట్లో పొద్దుటి పాలు అప్పుడే పోసినాం, అది తిరగకపోతే పాలు విరిగిపోతాయి. ఎట్లాగూ తలుపు తెరిస్తే కరెంటు ఆగుతాది గదా అని సత్తారు తలుపు తెరిచి బెల్టు మీద చెయ్యి పెట్టినాడు. ట్యాంకులో పాలు రవంత వేడెక్కినాయేమో, మిషను పని మొదలుపెట్టింది.

ఆయన అరిచింది నాకు గుర్తు లేదు. అరిచింది వెంకటముని. మెయిను కాడికి ఉరికి పీకేసినాడు. నా కండువా చించి కట్టినాం. మామిడికాయలకని వచ్చిన టెంపో ఎక్కించి తిరపతికి తీసకపోయినాం. దావంతా వెంకటముని ఆయన తల ఒళ్లో పెట్టుకొని, "అన్నా, అన్నా" అంటానే ఉండాడు. ఆసుపత్రిలో కుడిచేతి వేళ్లు బొటనవేలు తప్ప అన్నీ తీసేసినారు.

నాలుగు రోజులకు ప్రతాప్ వచ్చినాడు. మంచం తలాపున సత్తారు భార్య ఖమర్ జహాన్ నిలబడి ఉండాది. వెంకటముని రోజూ మాదిరే కాళ్లకాడ కూర్చోని ఉండాడు. రెండు పూటలా ఆయనకు అన్నం పెట్టి పోయేది వాడే.

ప్రతాప్ "వెంకటమునీ, పోయి అందరికీ టీ తీసుకురాప్పా" అన్నాడు. వాడు ఫ్లాస్కు తీసుకొని పోయినాడు.

వాణ్ణి టీకి ఎందుకు పంపినాడో నాకు తెలిసిపోయింది. సత్తారుకు గూడా తెలిసింది. పెదవి పక్కన రవంత నవ్వినట్ల అయ్యి, అంతలోనే ఆగిపోయింది. ప్రతాప్ స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చున్నాడు, అచ్చం సత్తారు క్యాను మీద కూర్చున్నట్లనే.

"భాయ్, మిషను సంగతి వద్దు. ఆ రోజు పొద్దున నువ్వు సెంటరు గడప తొక్కినప్పటి నుంచి చెప్పు. తలుపు తెరిస్తే కరెంటు ఎందుకు ఆగలేదు? ఆ స్విచ్చికి ఎవరైనా ఏమైనా కట్టినారా?" గొంతు తగ్గించి, "నీ తప్పు కాదని తేలితే కంపెనీ నిన్ను చూసుకోవాల. లేకపోతే చూసుకోదు. దయచేసి చెప్పు" అన్నాడు.

ఖమర్ జహాన్ వంగి, చెప్పేయండి అని ఉర్దూలో మెల్లగా అనింది. రెండు తూర్లు అనింది.

సత్తారుకు తెలుసు. చెయ్యి పోయిన క్షణంలోనే వైరు ముక్క ఆయన కంటికి కనపడింది. అట్లాంటి ముడి ఎవరు వేస్తారో గూడా ఆయనకు తెలుసు, పాలక్యాన్లకు మూతలు కట్టే ముడి అది. వాకిలి తట్టు చూసినాడు. వెంకటముని అప్పుడే ఫ్లాస్కుతో గడపలో నిలబడి ఉండాడు, లోపలికి రాలేక.

"ఏం లేదు సార్" అన్నాడు సత్తారు. "ఎవురూ ముట్టుకోలేదు."

"భాయ్, ఈ మాట వేరేవాళ్లు చెప్పకూడదనే గదా నువ్వు ఇన్నేండ్లు..."

"చెప్తే ఏమయితాదో నాకు తెలుసు గదా సార్. మీకూ తెలుసు."

ప్రతాప్ లేచి, నాకు దండం పెట్టి పోయినాడు. మెకానిక్కు అజాగ్రత్త వల్ల ప్రమాదం అని కంపెనీ రాసింది. ఆ లైను గురించే నేను మొదట చెప్పింది.

ఖమర్ జహాన్ ఏడవలేదు. గోడ తట్టు తిరిగి నిలబడింది. వెంకటముని టీ గ్లాసులో పోసి తెచ్చి, అలవాటుగా కుడిచేతి పక్కన పట్టినాడు. కట్టు చూసుకొని చెయ్యి వెనక్కి తీసుకునే లోగా సత్తారు ఎడమ చెయ్యి చాపి అందుకున్నాడు. "చక్కెర సరిగ్గా వేసినాడా?" అన్నాడు.

సెంటరు నడస్తానే ఉండాది. తలుపుకు కొత్త స్విచ్చి వేసినారు. రేణిగుంట నుంచి వేరే పిల్లోడు వస్తా ఉండాడు, గడపకాడ నిలబడి అడిగి, మా వాళ్లు చెప్పేది విని, మిషను విప్పుకుంటాడు. మొన్న జాలీ తలుపు సందులో మళ్లీ ఒక వైరు ముక్క కనిపించింది. ఎవురు కట్టినారని నేను అందరినీ నిలబెట్టి అడిగినాను. చెప్పినారు, అదే మాట. వైరు నా చేత్తో పీకి రోడ్డు మీద పారేసి ఇంటికొచ్చినాను. మర్నాడు పోయి చూస్తే మళ్లీ ఉండాది.